నూనె కంటే ముందు గంజి: కర్కాటక మాసంలో కేరళలో పది రోజులు

ఇల్లు చేరి నాలుగు రోజులైంది. బట్టలు రెండుసార్లు ఉతికినా ధన్వంతరం నూనె వాసన ఇంకా పోలేదు. అమ్మ మోకాళ్ల కోసం, నా నడుము కోసం ఇద్దరం కలిసి ఆయుర్వేద చికిత్సకు కేరళ వెళ్లొచ్చాం. ఎలా జరిగిందని అడిగిన ప్రతివాళ్లకూ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా, అంతా గుర్తున్నప్పుడే వరసగా రాసేద్దామని కూర్చున్నాను.

మొదటి రోజు, త్రిశూర్

వానల్లో కేరళ ఏంటని ఇంట్లో అందరూ అన్నారు. అక్కడివాళ్లు ఈ చికిత్సకు ఎంచుకునేదే వానల నెలని బయల్దేరే ముందు మాకూ సరిగ్గా తెలియదు. జులై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య దాకా ఉండే కర్కాటక మాసం అది. మేం త్రిశూర్‌లో దిగింది ఆ నెల మొదటి తేదీన, అదీ అనుకోకుండా. లాడ్జి పేరు చెబితే ఆటో అతను తల అడ్డంగా ఊపి, ముందు వడక్కునాథన్ గుడి దగ్గర ఆపాడు. "ఆనయూట్టు. చూసి రండి" అన్నాడు. ఆనయూట్టు అంటే ఏనుగులకు భోజనం పెట్టడం.

గుడి ఆవరణలో పదుల సంఖ్యలో ఏనుగులు వరసగా నిలబడి ఉన్నాయి, చుట్టూ గొడుగుల సముద్రం. అన్నంలో బెల్లం, నెయ్యి, పసుపు, మందులు కలిపి కొబ్బరికాయంత ముద్దలు చేసి నోట్లో పెడుతున్నారు. మా పక్కన నిలబడ్డ పెద్దాయన తమిళం, ఇంగ్లీషు కలిపి ఓపిగ్గా చెప్పాడు. గురువాయూర్ దేవస్థానం ఏనుగులకు పున్నత్తూర్ కోటలో జులైలో నెల పాటు ఊరేగింపులు లేకుండా రోజూ స్నానం, మందులు కలిపిన మేత, విశ్రాంతి ఉంటాయట. దాని పేరు సుఖ చికిత్స. "ఏనుక్కైనా మనిషికైనా ఈ నెలలోనే ఒళ్లు మాట వింటుంది" అన్నాడాయన. ఎండాకాలంలో ఒంట్లో పోగైన వాతం వానలకు చెలరేగుతుందనీ, అదే సమయంలో ఆకలి మందగిస్తుందనీ ఆయుర్వేదం చెబుతుంది. అందుకే అక్కడ ఈ నెలంతా మందుల గంజి తాగుతారు, ఒంటికి నూనె పట్టిస్తారు, ఇళ్లల్లో రామాయణం చదువుతారు. రాత్రి ఏ సందులోకి వెళ్లినా కర్కాటక కంజి పొట్లాలు అమ్ముతున్న కొట్టు కనిపించింది.

రెండో రోజు, చెరుతురుత్తి

మేం దిగిన చికిత్సాలయం పేరు రాయడం లేదు. పెంకుటిల్లు, ఎనిమిది గదులు, వెనక భారతప్పుళ నది. అక్కడివాళ్లు నదిని ప్రేమగా నిళ అంటారు. గదికి ఏసీ లేదు, ఫ్యాన్ ఉంది గానీ చికిత్స అయ్యాక వేయొద్దన్నారు.

డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. నా నడుము ఎక్స్‌రే, అమ్మ మోకాళ్ల స్కాన్ చూసి పక్కన పెట్టేసి, నలభై నిమిషాలు కడుపు గురించే అడిగింది. ఎన్నింటికి ఆకలి వేస్తుంది, వేయకపోయినా తింటారా, పొద్దున లేవగానే నాలుక ఎలా ఉంటుంది, విరేచనం రోజూ అవుతుందా, నిద్ర ఎన్నిసార్లు తెగుతుంది. అమ్మ తట్టుకోలేక "నొప్పి మోకాళ్లలో కదమ్మా" అంది తెలుగులోనే. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు, కాగితం మీద బండి చక్రం గీసింది. ఇరుసుకు కందెన వేస్తే బండి మోస్తుంది, ఇది చరక సంహితలో ఉన్న పోలికే అంది. నూనె పట్టిన కుండ, నూనె రాసిన తోలు, కందెన వేసిన ఇరుసు ఎలా గట్టిబడి బరువు ఓర్చుకుంటాయో, అభ్యంగంతో ఒళ్లూ అలాగే అవుతుందని అక్కడ చెప్పారు. "కానీ ఇరుసు నిండా బురద ఉంటే? ముందు తుడవాలిగా" అంది. అరగక మిగిలిపోయే పచ్చి పదార్థాన్ని వాళ్లు ఆమం అంటారు, ఆ బురద అదే. అది ఉన్నంత కాలం పైన నూనె పోస్తే బరువు పెరుగుతుంది తప్ప నొప్పి తగ్గదని వాళ్ల లెక్క.

అమ్మ వచ్చిందే పిళిచ్చిల్ కోసం. ఒళ్లంతా నూనె ధారగా పోసే చికిత్స అది, ఎవరో చెబితే మనసులో పెట్టుకుంది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అమ్మకు ముందు రెండు రోజులు నూనె లేకుండా పొడికిళి (పొడి మూటతో కాపడం), తర్వాత రెండు రోజులు ఆకుల కిళి, ఆపైన చూద్దామంది. నాకు మొదట అభ్యంగం. ఇద్దరికీ పొద్దునా సాయంత్రం కషాయం. మోకాళ్లలో అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందా అని అమ్మ అడిగితే, పెరగదు, నొప్పీ బిగుసుకుపోవడమూ తగ్గుతాయి, అంతే అని సూటిగా చెప్పింది. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

మూడు, నాలుగు రోజులు

బల్ల చూసి ముందు భయపడ్డాను. దాన్ని ద్రోణి అంటారు, ఒకే దుంగను పడవలా తొలిచి చేసింది, చుట్టూ అంచు, నూనె కారిపోవడానికి కాళ్ల వైపు రంధ్రం. ఈ ఇంట్లోది విషముష్టి కర్ర. మన దగ్గర ఆ పేరు వినగానే దూరం జరుగుతాం, వాళ్లు మాత్రం వాతం నొప్పులకు ఆ కర్రే మంచిదని దాన్నే ఏరి చేయించుకుంటారు. నల్లగా, నున్నగా, ఎన్నో ఒళ్ల నూనె తాగి ఉంది.

నాకు చికిత్స చేసినవాళ్లిద్దరూ ఆడవాళ్లే. ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు, పేరున్న చోట్ల ఇదే కట్టుబాటు. పెద్దావిడను చేచీ (అక్కా) అని పిలవడం మొదటి రోజే అలవాటైంది, ఆవిడ నన్ను మోళే (అమ్మాయీ) అనేది. కళ్లు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసుకుని, మాడు మీద గోరువెచ్చని నూనె వేసి, వేళ్లతో తట్టడంతో మొదలుపెట్టారు. తల, చెవులు, అరికాళ్లు, ఈ మూడింటికీ ప్రత్యేకంగా రాయాలని అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో ఉందట. తలంటిన రోజు అమ్మమ్మ కూడా మాడు, చెవులు, అరికాళ్లకే ఎక్కువ నూనె పెట్టేది, కారణం ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత కూర్చోబెట్టి, వెల్లకిలా, పక్కలకు, బోర్లా, ఇలా ఏడు భంగిమల్లో తిప్పుతూ ఇద్దరూ రెండు వైపుల నుంచీ ఒకేసారి రుద్దుతారు. రెండు చేతులూ ఒకే బరువుతో, ఒకే వేగంతో నడుస్తాయి. చేతులు కాళ్ల మీద పొడుగ్గా, కీళ్ల దగ్గర గుండ్రంగా. నేను ఊహించుకున్నట్టు గట్టిగా నొక్కి కండరాలు విరవడం ఏమీ లేదు. రెండోసారికి నాకు ఎడమ చెయ్యి ఎవరిదో కుడి చెయ్యి ఎవరిదో తెలియలేదు. వాతానికి ఎక్కువగా స్థానం స్పర్శేంద్రియం, స్పర్శ ఉండేది చర్మంలో, కాబట్టి చర్మం దగ్గర పట్టుకుంటే వాతం దొరుకుతుందన్నది ఇందులో సూత్రం. పొడిగా, చల్లగా, తేలిగ్గా, నిలకడ లేకుండా ఉండేది వాతం. జిడ్డుగా, వెచ్చగా, బరువుగా ఉండేది నూనె. ఒకదాని మీదికి దాని వ్యతిరేకాన్ని పంపడమే చికిత్స.

నలభై ఐదు నిమిషాలయ్యాక పెసరపిండితో ఒళ్లు రుద్ది, వేడినీళ్లు పోసి, తల తుడిచి మాడు మీద రాస్నాది చూర్ణం చిటికెడు అద్దారు, జలుబు పట్టకుండా. బాలింతకు నీళ్లు పోసినంత శ్రద్ధగా చేశారు.

అటు అమ్మకు ఉలవలు, ఇంకా ఏవేవో దినుసులు పొడి చేసి గుడ్డలో మూటగట్టి, పెనం మీద వేడి చేసి కాపడం. చేచి ప్రతిసారీ "చూడుండో?" అని అడుగుతుంటే అమ్మ చూడమంటోందనుకుని తల ఎత్తి చూసేదట. వేడిగా ఉందా అని దానర్థం. మోకాలి మీద చెయ్యి పెట్టి "నీరు" అంటే మాత్రం ఇద్దరికీ ఒకటే అర్థం, వాపు అని. ఆ ఒక్క మాటతో వాళ్లిద్దరూ ఒక రోజంతా మాట్లాడుకున్నారు.

తిండి సంగతి చెప్పాలి. రాత్రి ఏడింటికల్లా గంజి, పెసలు ఉడికించిన కూర, కొబ్బరి చమ్మంది (పచ్చడి), ఒక అప్పడం. చెంచా ఇవ్వరు. పనసాకును మడిచి ఈనెపుల్ల గుచ్చి చెంచాలా చేసి ఇస్తారు, దాంతో తాగుతుంటే గంజికి ఆకు వాసన సన్నగా అంటుతుంది. పెరుగు లేదు, పగటి నిద్ర లేదు, చన్నీళ్లు లేవు. పగటి నిద్ర ఆపుకోవడమే అన్నింటికంటే కష్టమైంది, నూనె రాశాక కళ్లు వాటంతటవే మూతబడతాయి.

ఐదో రోజు: ఆకుల వాసన, దారి తప్పడం

పొద్దున్నే వంటింటి వెనక నుంచి వచ్చిన వాసనకు లేచాను. పెద్ద బాణలిలో వావిలాకు, ఆముదపాకు, చింతాకు, జిల్లేడాకు తరిగి, కొబ్బరి కోరు, నిమ్మకాయ ముక్కలు వేసి నూనెలో వేపుతున్నారు. ఇది అమ్మ ఇలకిళికి, అంటే ఆకుల కిళికి. చల్లారకముందే మూటలు కట్టి, చేచి ముందు తన చేతి వెనక అద్దుకుని చూసుకుని, తర్వాతే అమ్మ మోకాలికి అద్దింది. ప్రతి మూటకూ అలాగే. ఆవిడ చేతి వెనక చర్మం ఒకచోట నల్లబడి ఉంది, బొటనవేలి కణుపు వాచి ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే పనట.

మధ్యాహ్నం వాన తెరిపి ఇస్తే నేనొక్కదాన్నే కళామండలం చూడ్డానికి వెళ్లాను. మహాకవి వళ్లత్తోళ్ 1930లో స్థాపించిన సంస్థ, కథకళి నేర్చుకోవడానికి పిల్లలు ఇక్కడికి వస్తారు. మద్దెల మీద కాదు, చెక్కదిమ్మ మీద కర్రతో తాళం కొడుతూ ఒక గురువు పాఠం చెబుతున్నారు, పిల్లలు పాదాల బయటి అంచుల మీద నిలబడి మోకాళ్లు విప్పి సాధన చేస్తున్నారు. బయట కూర్చున్న పెద్ద విద్యార్థి చెప్పాడు. వానాకాలంలో తెల్లారకముందే వాళ్లకు ఉళిచ్చిల్ ఉంటుంది, ఒంటికి నూనె రాసి పడుకోబెడితే పైన ఆసరా పట్టుకుని గురువు తన పాదాలతో తొక్కి మర్దనా చేస్తారు. తుంటి, తొడలు సాగడానికి. నొప్పి వేయదా అంటే, మొదటి ఏడాది ఏడుస్తాం, తర్వాత ఆ నెల కోసం ఎదురుచూస్తాం అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నది పక్కగా దగ్గర దారి ఉందనుకుని వెళ్లి, వంతెన ఎక్కేసి, షొర్నూర్ వైపు తేలాను. అప్పుడే వాన అందుకుంది. ఆకలి, చలి. చిన్న హోటల్లో దూరి రెండు పొరోటాలు, గుడ్డు రోస్టు, టీ చెప్పాను. హోటలాయన నా మాడు మీది చూర్ణం చూసి, "చికిత్సయా?" అని అడిగి, "పథ్యం ఇల్లే?" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, పతిముఖం చెక్క వేసి కాచిన గులాబీ రంగు వేడినీళ్లు పెద్ద గ్లాసుతో పెట్టి, ఆ తర్వాతే పొరోటా తెచ్చాడు. మొత్తం 82 రూపాయలు. పొరోటా పొరలు పొరలుగా ఎంత బాగుందో ఇప్పటికీ నోట్లో ఉంది.

ఆరో రోజు: ఆగిన రోజు

పొద్దున డాక్టరమ్మ నాలుక చూపించమంది. తెల్లగా పూత. రాత్రి కడుపు ఉబ్బరంగా ఉందా అంటే అవునన్నాను, పొరోటా సంగతీ చెప్పేశాను. కోప్పడలేదు. "ఈ రోజు నూనె లేదు" అంది, అంతే. అజీర్ణంలో, జ్వరంలో, కఫం పట్టినప్పుడు అభ్యంగం చేయకూడదన్నది పాత నియమం. చర్మానికి రాసిన నూనె కూడా అరగాలి, చర్మంలో దానికి భ్రాజక పిత్తం అని ఒక అగ్ని ఉంటుంది, లోపలి పొయ్యి మండనప్పుడు పైది కూడా మండదు అని వివరించింది. శాస్త్రం సంగతి ఎవరి నమ్మకం వాళ్లది. కానీ డబ్బు కట్టి వచ్చిన మనిషికి ఈ రోజు చేయను అని చెప్పగలిగిన చోటుని నేను గౌరవిస్తాను. ఒక రోజు చికిత్స పోతే వాళ్లకూ నష్టమే.

ఆ రోజంతా శొంఠి కషాయం, జీలకర్ర నీళ్లు, పలచటి గంజి. వరండాలో కూర్చుంటే పక్కింట్లో ముసలావిడ రామాయణం పారాయణం చేస్తోంది. మలయాళం, అయినా పేర్లు తెలుస్తున్నాయి, జటాయువు దగ్గర గొంతు తడబడింది. అమ్మ గోడవార కూర్చుని చేతులు జోడించుకుని విన్నది. సాయంత్రానికి నాకు నిజమైన ఆకలి వేసింది, చాలా ఏళ్ల తర్వాత.

ఏడు నుంచి తొమ్మిది రోజులు: పిళిచ్చిల్

అమ్మకు అనుమతి దొరికింది. పిళిచ్చిల్ అంటే పిండడం. మూడు లీటర్ల దాకా నూనె కాచి, గుడ్డలు ముంచి, బొటనవేలు కిందికి పెట్టి పిండితే వేలి మీదుగా నూనె సన్నటి ధారగా ఒంటి మీద పడుతుంది. ఒక చెయ్యి పిండుతుంటే రెండోది రుద్దుతూ ఉంటుంది. ఇద్దరు ఇటూ అటూ, మూడో మనిషి ద్రోణి రంధ్రంలోంచి కారిన నూనె పట్టి మళ్లీ వెచ్చబెట్టి అందిస్తూ. వేడి పెరగకూడదు, తగ్గకూడదు, ధార తెగకూడదు. ఒక మనిషి నూనె ఆ మనిషికే, మూడు రోజులూ. అమ్మ అడిగితే నన్ను ఆ గదిలో కూర్చోనిచ్చారు. ఇరవై నిమిషాలయ్యేసరికి అమ్మ కళ్ల పక్క నుంచి నీళ్లు కారుతున్నాయి. నొప్పా అని కంగారుపడ్డాను. "కాదే. మా అమ్మ పోయాక నా ఒంటి మీద ఇంతసేపు ఎవరూ చెయ్యి వేయలేదు" అంది.

నాకు ఆ మూడు రోజులూ శిరోధార. నుదుటికి నాలుగు వేళ్ల ఎత్తులో వేలాడే పాత్ర, అందులోంచి వత్తి మీదుగా క్షీరబల తైలం. ఇదే తైలాన్ని నూటొక్కసార్లు వండితే 101 ఆవర్తి అని చిన్న సీసాల్లో చుక్కల లెక్కన వాడతారు, నాకు పోసింది మామూలుది. ధ్యానం, వెలుగు లాంటివేమీ నాకు కలగలేదు, కలుగుతాయని వాళ్లూ చెప్పలేదు. నుదుటి మీద ధార అటూ ఇటూ కదులుతుంటే ఆలోచన ఒకటి మొదలై మధ్యలో తెగిపోయేది, మళ్లీ మొదలయ్యేది కాదు. రాత్రి తొమ్మిదికి పడుకుంటే అయిదింటికి మెలకువ, మధ్యలో లేవలేదు. ఆఫీసు టెన్షన్‌తో రెండేళ్లుగా మూడింటికి లేచి కూర్చునే మనిషిని నేను.

ఆఖరి రోజు మధ్యాహ్నం చేచి పని ముగించి వెళ్లబోతుంటే, అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. గిన్నె అడుగున మిగిలిన నూనె తీసుకుని ఆ వాచిన బొటనవేలికి రాయడం మొదలుపెట్టింది. చేచి వద్దు వద్దని చెయ్యి లాక్కుంది, తర్వాత ఊరుకుంది. వాళ్లు అయిదారు నిమిషాలు ఏమీ మాట్లాడుకోలేదు. "చూడుండో?" అంది అమ్మ ఒకసారి, సరైన అర్థంతోనే.

పదో రోజు, తిరుగు ప్రయాణం

లెక్క రాస్తున్నాను, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అమ్మ చికిత్సకు 12,200, నాకు 8,100, ఎనిమిది రోజుల గది, గంజి, కూరలు కలిపి 11,200, డాక్టరమ్మ ఫీజు ఇద్దరికీ 600, ఇంటికి తెచ్చుకున్న మందులు 2,850. అంతా 34,950. ఊళ్లో అంతకు సగం ధరకు, ఫోన్ చేసిన గంటలో మసాజ్ చేస్తామన్న బోర్డులు కూడా చూశాను. అక్కడ కడుపు గురించి ఎవరూ అడగరు. వెళ్లేవాళ్లు కనీసం డాక్టరు ముందు చూస్తారో లేదో, ఒంటికి తగ్గట్టు నూనె మారుస్తారో లేదో అడిగి వెళ్లండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఆ చీటీలు తీసుకెళ్లండి, అమ్మవి చూశాకే కషాయం రాశారు.

కషాయాల సీసాలు పెట్టెలో సర్దుతుంటే డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఒకప్పుడు వైద్యుడు చీటీ రాస్తే ఇంటివాళ్లే దినుసులు తెచ్చి కాచుకోవాల్సి వచ్చేది, 1902లో కోటక్కల్‌లో పి.ఎస్. వారియర్ ఆర్య వైద్య శాల పెట్టి తయారు కషాయాలు అమ్మడంతో అది మారిందట. "సీసా సులువైంది, పథ్యం మాత్రం ఎవరూ సీసాలో పోయలేరు" అంటూ పథ్యం కాగితం చేతిలో పెట్టింది. చికిత్స ఎన్ని రోజులో ఇంటి దగ్గర పథ్యం కనీసం అన్ని రోజులు.

రైల్లో పక్క సీటువాళ్లు బిర్యానీ విప్పితే అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇప్పుడు ఇంట్లో క్యాలెండర్ మీద రోజుకో గీత పెడుతోంది, ఇంకా మూడు ఉన్నాయి. మెట్లు ఒక్కో కాలే వేసి దిగే మనిషి నిన్న పాలప్యాకెట్ కోసం చకచకా దిగింది, ఎక్కేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుంది. నాకు నడుము కూర్చున్న మూడు గంటల దాకా గుర్తు రావడం లేదు, ఆ తర్వాత వస్తోంది. ఆదివారం పొద్దున నూనె వెచ్చబెడతానంది అమ్మ, పెసరపిండి పట్టించడానికి పెసలు నిన్ననే ఎండబెట్టింది.